అంకె చెప్పని దీపం

"ఎంత వచ్చింది బాబూ?" అని అడిగాను.

మా వాడి నుదుటికి మెదడు రక్తప్రసరణను కాంతితో కొలిచే పరికరం కట్టి, స్క్రీన్ ముందు కూర్చున్న కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. "చెప్పకూడదండీ. చెప్పినా మీకు పనికిరాదు."

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లాడి తల్లితో అనాల్సిన మాట కాదది. నాలుగేళ్లుగా నా బతుకంతా అంకెలే. హిమోగ్లోబిన్ ఎంత, తెల్లకణాలు ఎన్ని, ప్లేట్‌లెట్లు పడిపోయాయా, కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాముల హైడ్రాక్సీయూరియా మందు, జ్వరం 101 దాటిందా. వీటన్నిటి మీద కూర్చున్న పెద్ద అంకె ఇంకొకటి ఉంది: మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తం సెకనుకు ఎన్ని సెంటీమీటర్లు పరిగెడుతోంది అన్నది. 170 లోపు అయితే ఊపిరి పీల్చుకోవచ్చు. 200, ఆపైన అయితే పక్షవాతం ముప్పు. ఈ రెంటికీ మధ్య ఉన్నదాన్ని కండిషనల్ అంటారు. మా వాడు ఉన్నది అక్కడే.

పక్షవాతం పెద్దవాళ్ల జబ్బు అనుకునేదాన్ని. మొదటిసారి డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు ఆవిడ వేరే ఎవరి ఫైలో చూస్తోందేమో అనిపించింది. రెండేళ్ల పిల్లాడికి పక్షవాతమేమిటి? ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ జబ్బులో ఎర్రకణాలు ఆక్సిజన్ వదిలేశాక కొడవలిలా వంగి గట్టిపడతాయి. మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతికితే ఇవి పది ఇరవై రోజులకే చితికిపోతాయి. కాబట్టి రక్తం ఎప్పుడూ తక్కువే. రక్తంలో ఆక్సిజన్ తక్కువ కనుక మెదడు తన వాటా కోసం ఎక్కువ రక్తాన్ని లాక్కుంటుంది. మరోపక్క పెద్ద నాళాల గోడలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ లోపలివైపు ఇరుకవుతాయి. అలా మెదడుకు రక్తం అందకపోతే పక్షవాతం. ఏ పరీక్షా, ఏ జాగ్రత్తా లేకపోతే మా వాడికున్న రకం సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో నూటికి పదకొండు మందికి ఇరవై ఏళ్లలోపే పక్షవాతం వస్తుందట. ఎక్కువ ముప్పు చిన్న వయసులోనే. అందుకే రెండేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఏటా ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, అంటే పుర్రె మీంచి అల్ట్రాసౌండ్‌తో ఆ రక్తవేగం కొలిచే పరీక్ష, చేయించమంటారు. మేం టీసీడీ అంటాం.

ఆ టీసీడీతో మా కథ సాఫీగా ఏమీ సాగలేదు. చెంప ఎముకకు పైన, చెవికి కాస్త ముందు, పుర్రె పల్చగా ఉండే చోట జెల్ రాసి చిన్న గొట్టంలాంటిది ఆనిస్తారు. నొప్పి ఉండదు. కానీ పిల్లాడు మెలకువగా ఉండాలి, కదలకూడదు, ఏడవకూడదు. నిద్రపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి వేగం ఎక్కువ చూపిస్తుంది. ఏడిస్తే ఊపిరి తీరు మారిపోయి అంకె చెడుతుంది. జ్వరం, నొప్పి ఉన్న రోజుల్లో చేయకూడదు. రెండేళ్ల పిల్లాణ్ణి అరగంటసేపు అటు నిద్రపోకుండా, ఇటు ఏడవకుండా పట్టుకోవడం ఎలాగో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మొదటి రెండుసార్లూ వట్టి చేతులతో వెనక్కొచ్చాం. మూడోసారి ఒక చోట చేయగలిగారు. 168 అన్నారు, నార్మల్ అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి ఏడు నెలలుంది. వేరే చోట మళ్లీ చేయిస్తే 182 వచ్చింది. ఏడు నెలల్లో ఇంత పెరిగిందా అని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు అక్కడి టెక్నీషియన్, చేయి తిరిగిన పెద్దావిడ, పాత రిపోర్టు తిప్పి చూసి, "అమ్మా, అక్కడ వాడింది రక్తనాళాల రంగు బొమ్మ చూపించే స్కానర్. అందులో అదే పిల్లాడికి అంకె కాస్త తక్కువ వస్తుంది. 200 అనే గీత గీసింది బొమ్మ లేని పాత రకం యంత్రంతో" అంది. అంటే బహుశా ఆ రోజు కూడా వాడు కండిషనలే. ఆ తేడా సంగతి మొదటి చోట ఎవరూ ఒక్క ముక్క అనలేదు. వాళ్లకు తెలియదో, తెలిసినా చెప్పలేదో. ఆ రోజు నుంచి ప్రతి రిపోర్టు మీదా ఏ రకం యంత్రమో రాయించుకుంటున్నాను. ఇది చదివేవాళ్లలో సికిల్ సెల్ పిల్లల తల్లిదండ్రులుంటే ఈ ఒక్క పనీ చేయండి.

అప్పుడే హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టారు. ఆ తర్వాత 176, 179, 173. గీతకు ఇవతలే ఉంటున్నాడు. అయినా మూడు నెలలకోసారి ఆ ఒక్కావిడ చేతి కోసం ఎదురుచూపులే. ఆవిడ సెలవు పెడితే మా పరీక్ష ఆగిపోతుంది. యంత్రం ఉంది, గది ఉంది, నాళాన్ని వెతికి పట్టుకునే చేయి లేదు. ఈ పరీక్షకు అసలు కరువు అదే.

ఇలా ఉండగా ఒకరోజు క్లినిక్‌లో ఒక కాగితాల కట్ట చేతికిచ్చారు. కాంతితో మెదడు రక్తప్రసరణ కొలిచే, చవగ్గా తయారయ్యే పరికరం మీద పరిశోధన. టీసీడీ కోసం వచ్చిన రోజే దీన్నీ చేస్తారు. ఏడాదిలో మూడుసార్లు. కాగితాల్లో నా కంటికి ముందు తగిలిన వాక్యం: "దీనివల్ల మీ బిడ్డకు నేరుగా ప్రయోజనం ఉండదు." దాని కిందే ఇంకొకటి: ఈ పరికరం ఫలితాలు తల్లిదండ్రులకు గానీ, వైద్యం చేసే డాక్టరుకు గానీ ఇవ్వరు. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకుంటే వైద్యానికేమీ తేడా రాదు.

మా ఆయన కట్ట పక్కన పెట్టేశారు. "ఇప్పటికే వాడికి పొడవని సూది లేదు. మళ్లీ ప్రయోగాలెందుకు? పైగా ఫలితం కూడా చెప్పరట." ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నేను మాత్రం ఆ టీసీడీ గది బయట మూతపడ్డ తలుపు ముందు కూర్చున్న రోజుల్ని మరిచిపోలేదు. వారం తర్వాత సంతకం పెట్టాను. ఆయన ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటిరోజు ముందు టీసీడీ అయింది. 174. తర్వాత వేలి నుంచి రెండు చుక్కల రక్తం తీసి హిమోగ్లోబిన్ చూశారు. 7.9. ఇదెందుకని అడిగితే "రక్తం పల్చగా ఉంటే కాంతి వేరేలా ప్రవర్తిస్తుంది, లెక్కలో కలపాలి" అన్నాడు పరికరం తెచ్చిన కుర్రాడు. పీహెచ్‌డీ చేస్తున్నాడట. మెడికల్ కాదు, ఇంజినీరింగు.

పరికరం చూసి మా వాడు నిరాశపడ్డాడు. రోబో ఉంటుందనుకున్నాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దాన్నుంచి రెండు వైర్లు, చివర అగ్గిపెట్టె అంత నల్లటి రబ్బరు దిమ్మ. దాన్ని నుదుటి మీద, కనుబొమకు పైన ఆనించి పట్టీతో చుట్టారు. పైన నల్లగుడ్డ కప్పారు. గదిలోని లైటు లోపలికి దూరితే కొలత పాడవుతుందట. కళ్లకు ముదురు రంగు అద్దాలు పెట్టారు, లేజర్ కనుక. చర్మానికి వేడి తగలనంత తక్కువ మోతాదేనని, దానికి కచ్చితమైన భద్రతా పరిమితి ఉందని ముందే చెప్పారు. అద్దాలు పెట్టేసరికి వాడు హీరో అయిపోయాడు. ఐదు నిమిషాలు బొమ్మలా కూర్చున్నాడు. టీసీడీ గదిలో మేం ఎప్పుడూ చూడని నిశ్శబ్దం.

ఆ ఐదు నిమిషాల్లోనే నేను "ఎంత వచ్చింది" అని అడిగింది. అతను చెప్పకూడదన్నది.

కొలత అయ్యాక అతనే నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి లేజర్ పాయింటర్ తీసి గోడ మీద వేశాడు. "దగ్గరగా చూడండి, చుక్క నున్నగా ఉందా?" లేదు. ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా మిలమిల్లాడుతోంది. దాన్ని స్పెకిల్ అంటారట. లేజర్ కాంతి గరుకు గోడ మీద పడి చెదిరి, తనతో తానే కలిసి కొన్నిచోట్ల బలపడుతుంది, కొన్నిచోట్ల ఆరిపోతుంది. అదే ఆ గింజలు. నుదుటిలోకి పంపిన కాంతి కూడా చర్మం, ఎముక దాటి మెదడు పైపొర దాకా వెళ్లి, చెదిరి, అందులో ఏ కొంచెమో తిరిగి పైకి వస్తుంది. ఆ వచ్చిన కాంతిలోనూ ఇవే గింజలు. అయితే గోడ కదలదు, లోపల ఎర్రకణాలు కదులుతాయి. కణాలు కదిలినకొద్దీ గింజలు మారిపోతుంటాయి.

"ఫ్యానుకు ఫోటో తీశారా ఎప్పుడైనా? మెల్లగా తిరుగుతుంటే రెక్కలు కనిపిస్తాయి. జోరుగా తిరిగితే అలికేసినట్టు వస్తుంది. ఇదీ అంతే. గింజలు ఎంత అలుక్కుపోతే రక్తం అంత జోరుగా పారుతున్నట్టు."

కనిపించీ కనిపించని ఆ రంగే ఎందుకని కూడా అడిగాను. ఎరుపుకు అంచున, సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతిని నీరుగానీ రక్తంగానీ పెద్దగా మింగవట. మిగతా రంగులు చర్మం దాటేలోపే ఆరిపోతాయి. ఫోన్ టార్చి మీద అరచేయి పెడితే వేళ్ల సందుల్లో ఎర్రగా కనపడేది అందుకే. ఇలాంటి రెండు మూడు రంగుల్ని కలిపి వాడితే రక్తం ఎంత జోరుగా ఉందో అన్నదే కాక, అందులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కూడా తెలుస్తుందట. వేలికి పెట్టే ఆక్సిమీటరుది కూడా ఇదే కుటుంబం.

చవక ఎక్కడ అంటే, కెమెరాలో. ఇంతకుముందు ఈ రకం కొలతకి తిరిగొచ్చిన కాంతి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఖరీదైన డిటెక్టర్లు కావాల్సి వచ్చేవి. గింజల అలుకుడు చూడ్డానికైతే మామూలు కెమెరాల్లో ఉండే సెన్సర్ చాలు. ఒక చిన్న లేజరు, ఒక సెన్సరు, లెక్కలు చేసే చిప్పు. ముఖ్యంగా నాళం వెతికే చేయి అక్కర్లేదు. నుదురు ఎక్కడుందో ఎవరికైనా తెలుసు.

సరే, మరి అంకె ఎందుకు చెప్పరు? నాకు మిగిలిన ప్రశ్న అదొక్కటే. ఇక్కడ అతను చెప్పింది నాకు అర్థం కావడానికి ఇంటికెళ్లాక రెండు రోజులు పట్టింది.

తోటకు నీళ్లు పెట్టే పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు దూసుకొస్తాయి. వేగం పెరిగింది, కానీ మొక్కకు చేరే నీళ్లు పెరగలేదు, తగ్గాయి. టీసీడీ చూసేది పైపులో వేగం. ఈ దీపం చూసేది మొక్క మొదట్లో తడి. మా వాడిలాంటి పిల్లల్లో వేగం రెండు కారణాలకు పెరగొచ్చు: రక్తం పల్చబడి మెదడు ఎక్కువ రక్తం లాక్కుంటున్నందుకు, లేదా నాళం ఇరుకైనందుకు. మొదటిదైతే లోపల తడి కూడా పెరుగుతుంది. రెండోదైతే పెరగదు, తగ్గినా తగ్గొచ్చు. అందుకని ఈ అంకె ఎక్కువొస్తే మంచిదా, తక్కువొస్తే మంచిదా అన్నది కూడా వెంటనే చెప్పే మాట కాదు. టీసీడీ 200ను తెచ్చి దీని మీద అతికించడం అసలే కుదరదు.

ఆ 200 మాత్రం ఎక్కడినుంచి వచ్చింది? అది తెలుసుకున్నాకే నాకు అంకె కోసం ఆత్రం తగ్గింది. పుర్రె గుండా డాప్లర్‌తో మెదడు నాళాల్లో వేగం కొలవొచ్చని రూనే ఆస్లిడ్ బృందం చూపించింది 1982లో. ఎంత వేగం దాటితే ఏం చేయాలన్నది తేలడానికి మరో పదహారేళ్లు పట్టింది. 1998లో స్టాప్ అనే అధ్యయనం ఫలితాలు అచ్చయ్యాయి. 200, అంతకుమించి వేగం ఉన్న 130 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. 63 మందికి క్రమం తప్పకుండా రక్తం ఎక్కించారు, 67 మందికి అప్పటిదాకా ఉన్న మామూలు వైద్యమే. రక్తం ఎక్కించిన వైపు ఒక్కరికి పక్షవాతం వస్తే, ఎక్కించని వైపు పదకొండు మందికి వచ్చింది. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపి అందరికీ రక్తం ఇవ్వజూపారు. నేను రిపోర్టులో 182 చూసి "అమ్మయ్య, 200 కాలేదు" అనుకోగలిగానంటే, ఆ పదకొండు మంది ఇళ్లల్లో ఏం జరిగిందో దాని పుణ్యమే. ఆ తల్లుల పేర్లు కూడా నాకు తెలియవు.

రక్తం ఆపితే ఏమవుతుందో చూసిన రెండో అధ్యయనం 2005లో వచ్చింది. ఆపిన 41 మందిలో 14 మందికి వేగం మళ్లీ ప్రమాదపు గీత దాటింది, ఇద్దరికి పక్షవాతం వచ్చింది. నెలనెలా రక్తం అంటే ఒంట్లో ఇనుము పేరుకుపోవడం, దాన్ని తీసేసే మందులు, సరిపడే రక్తం దొరకడం, అదంతా వేరే సంసారం. ఏడాదికి పైగా రక్తం ఎక్కించుకుని, నాళాలు మరీ ఇరుకు కాని పిల్లల్ని హైడ్రాక్సీయూరియాకు మార్చవచ్చని 2016లో అచ్చయిన ట్విచ్ అధ్యయనం చూపాక కొందరికి ఆ బరువు దిగింది.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. "అయితే మనవాడి అంకె ఎవరి కోసం?" అన్నారు. ఎవరి కోసమో నాకూ తెలియదు. ఇప్పుడు రెండేళ్లు కూడా నిండని ఎవరి కోసమో.

రెండోసారి వెళ్లినప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది, అనుమానాలు బయటపెట్టాను. మొదటిది రంగు. మా వాడు నల్లగా ఉంటాడు. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఆక్సిమీటర్లు ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నాయని 2020లో వచ్చిన అధ్యయనం గురించి నేను విన్నాను. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ముదురు రంగువాళ్లే. మరి కాంతితో కొలిచేది వీళ్ల మీద సరిగా పనిచేయకపోతే ఎవరి కోసం చేసినట్టు? కుర్రాడు తప్పించుకోలేదు. చర్మం రంగు ముదిరినకొద్దీ తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది, కాంతి తగ్గితే గింజల్లో గందరగోళం పెరుగుతుంది, దానికి దిద్దుబాటు లెక్కలున్నాయి, అవి సరిపోతాయో లేదో చూడ్డానికే మీవాడిలాంటి పిల్లలు కావాలి అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. "ఏం ఫర్వాలేదండీ" అని ఉంటే బహుశా లేచి వచ్చేసేదాన్ని.

రెండోది, నుదురు. జుట్టు కాంతిని మింగేస్తుంది కనుక నుదుటి మీదే పెడుతున్నారు. పక్షవాతం నుదుటి దగ్గరే రావాలని రాసిపెట్టి లేదుగా? లేదన్నాడు. పైగా లోతు. కాంతి వెళ్లే చోటికీ తిరిగొచ్చే చోటికీ మధ్య రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఉంటుంది. అందులో సుమారు సగం లోతు దాకా చూడగలదు. పుర్రె పల్చగా ఉండే పిల్లల్లో మెదడు పైపొర వరకు అందుతుంది, అంతకన్నా లోపలికి పోదు. ఏ లక్షణమూ చూపకుండా లోపలి తెల్లపదార్థంలో జరిగే నష్టాలు, సైలెంట్ ఇన్‌ఫార్క్ట్‌లు అంటారు, అవి పక్షవాతం కన్నా చాలా ఎక్కువమంది పిల్లల్లో ఉంటాయి. చదువు వెనకబడటం తప్ప బయటికేమీ కనిపించదు. వాటికి ఎమ్మారై తప్ప దారి లేదు. ఈ దీపం వచ్చినా ఆ పరీక్ష తప్పదు.

ఆ రోజే ఒక తమాషా కూడా జరిగింది. మధ్యలో అతను ఆ దిమ్మను వేలితో నుదుటికేసి కాసేపు గట్టిగా నొక్కాడు. తెర మీద ఒక గీత పడిపోయింది, రెండోది పెద్దగా కదల్లేదు. దగ్గర్లో పెట్టిన సెన్సరు నుదుటి చర్మంలోని రక్తాన్నే చూస్తుందట, దూరంగా పెట్టింది చర్మాన్నీ మెదడునూ కలిపి చూస్తుంది. నొక్కితే చర్మంలో రక్తం ఆగుతుంది, మెదడులో ఆగదు. అలా ఏది దేని వాటానో విడదీస్తారు. మా వాడి నుదుటి మీద చతురస్రంగా ఎర్ర మచ్చ పడి గంటసేపు ఉంది. దాన్ని చూపించి ఇంట్లో వాళ్ల నాన్న దగ్గర ఎంత గొప్ప చెప్పుకున్నాడో.

అన్నీ సవ్యంగానే జరిగాయని కాదు. ఆ రోజు మొదటి మూడు కొలతలు పారేశారు. వాడు వీడియో చూస్తూ నవ్వాడు, నవ్వితే నుదుటి చర్మం కదిలింది, అంతే. నవ్వు రాని వీడియో పెట్టండి అన్నాడు కుర్రాడు. చేపల తొట్టి పెట్టాం. నేనూ చూస్తూ కునికిపాట్లు పడ్డాను.

టీసీడీ ఆ రోజు 171. ఇంకో రెండు తగ్గితే నార్మల్ వైపు పడతాడు. పెద్దావిడ గొట్టం తుడుచుకుంటూ "వచ్చే ఏడు నేను రిటైరవుతున్నానమ్మా" అంది. ఆవిడ స్థానంలో ఎవరొస్తారని అడిగితే భుజాలెగరేసింది.

మూడోది వచ్చే నెల. నుదుటికి క్రీములూ నూనెలూ రాయకుండా, జుట్టు కనుబొమలకు ఎత్తుగా కత్తిరించి తీసుకురమ్మని మెసేజ్ వచ్చింది. జుట్టు కత్తిరించనని వాడు మొండికేసి కూర్చున్నాడు. క్లిప్పు పెడదామంటే అది ఆడపిల్లలదట.